ముందు కుర్చీ, తెల్ల రంగు, హిజాబ్: గిల్టీగా ఉందని అడిగిన చెల్లికి నా జవాబు

వ అలైకుం అస్సలాం తల్లీ. నీ ప్రశ్న మొత్తం నెమ్మదిగా చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కాబట్టి నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా పెడతాను. నీకు 23 ఏళ్ళు, ఇంట్లో డబ్బుకి లోటు లేదు, పేరున్న ఖాందాన్ (వంశం), రంగు తెలుపు. ఏ ప్రోగ్రాం జరిగినా నిన్నే స్టేజ్ మీదకి పిలుస్తారు, పెద్దావిడల పక్కన కూర్చోబెడతారు, ఫోటోల్లో ముందు నిలబెడతారు. నీతో పాటు ఖురాన్ క్లాసుకి వచ్చే అమ్మాయి నీకంటే చాలా బాగా తిలావత్ (ఖురాన్ పారాయణం) చేస్తుంది, కానీ ఆమె నలుపు, ఇంట్లో ఇబ్బందులు, ఆమెకి మాత్రం ఎప్పుడూ కుర్చీలు సర్దే పనే. మొన్న ఒక పెద్దావిడ మీ ఇద్దర్నీ పక్కపక్కన చూసి నీ రంగుకి మాషా అల్లాహ్ అంది, ఆమె వైపు చూసి ఊరుకుంది. అప్పట్నుంచి నీకు గిల్టీగా ఉంది, వెళ్ళడమే మానేద్దామా అనిపిస్తోంది. దానికి తోడు నీకు అలంకరణ ఇష్టం, అది ఈమాన్‌లో, అంటే విశ్వాసంలో, లోపమేమో అని ఇంకో బాధ. బయటకెళ్తే మళ్ళీ అదే హిజాబ్ వల్ల నిన్ను అదోలా చూసేవాళ్ళు ఉంటారు, మరి నాకు ప్రివిలేజ్ ఉన్నట్టా లేనట్టా ఆపా (అక్కా) అని అడిగావు.

నేను చాలా ఏళ్ళుగా ఆడపిల్లలకి ఖురాన్ చెప్తున్నాను, సంబంధాలు చూసేటప్పుడు తల్లులు వచ్చి నాతో మాట్లాడుతుంటారు, ఆ అనుభవంతో చెప్తున్నా. ఫత్వా (మతపరమైన తీర్పు) ఇచ్చేదాన్ని కాదు, మసాయిల్ (ధర్మ నియమాల ప్రశ్నలు) విషయంలో నీ మజ్హబ్ (ధర్మశాస్త్ర సంప్రదాయం) తెలిసిన ఆలిమాని (మత పండితురాలిని) అడుగు.

ముందు సూటిగా చెప్పేస్తా. వెళ్ళడం మానొద్దు. నువ్వు మానేస్తే ఆ ముందు కుర్చీలో నీలాంటి ఇంకో అమ్మాయిని కూర్చోబెడతారు, ఆ అమ్మాయికి నీకున్న ఈ బాధ కూడా ఉండకపోవచ్చు, నీ ఫ్రెండ్ మాత్రం కుర్చీలు సర్దుతూనే ఉంటుంది. నువ్వు ఇంట్లో కూర్చుని నేను ఆ తప్పులో భాగం కాలేదులే అనుకుంటావు. నీ మనసుకి కొంచెం తేలికవుతుంది, అంతే. ఆమెకి ఏం ఒరిగింది?

నీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ప్రవక్త కాలంలో ఉన్న ఉమ్మె అతియ్యా (రజి) అనే స్త్రీ చెప్పిన హదీసు (ప్రవక్త మాటల, పనుల కథనం), అది బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. ఈద్ రోజు ఆడవాళ్ళందర్నీ బయటకి తీసుకురమ్మని ప్రవక్త (స) ఆదేశించారు, పెళ్ళికాని అమ్మాయిలు, పరదాలో ఉండేవాళ్ళు, చివరికి నెలసరిలో ఉన్నవాళ్ళు కూడా రావాలి, వాళ్ళు నమాజు చేసే చోటికి కాస్త దూరంగా ఉండి దువాలో (ప్రార్థనలో), ఆ మంచిలో పాలుపంచుకోవాలి. అప్పుడు ఒకామె అడిగింది, యా రసూలల్లాహ్, మాలో ఒకరికి పైన వేసుకోవడానికి జిల్బాబ్ (ఒంటిని కప్పే పెద్ద వస్త్రం) లేకపోతే ఎలాగ అని. ఆయన లేనివాళ్ళు ఇంట్లోనే ఉండొచ్చులే అనలేదు. ఎవరైనా దానం చేసేదాకా ఆగమనీ అనలేదు. ఆమె తోటి స్త్రీ తన జిల్బాబ్‌లోంచి ఆమెకి కప్పాలి అన్నారు. పండితులు దీన్ని రెండు రకాలుగా వివరించారు, నీ దగ్గర ఇంకోటి ఉంటే అరువు ఇవ్వాలని కొందరు, ఒకే జిల్బాబ్‌ని ఇద్దరూ కలిసి కప్పుకుని రావాలని కొందరు. నాకు ఆ రెండోది తలుచుకుంటేనే కళ్ళు చెమరుస్తాయి. ఒకే గుడ్డ కింద ఇద్దరు నడిచి వస్తుంటే ఎవరిది సొంతం, ఎవరిది అరువు అనేది చూసేవాళ్ళకి తెలియదు కదా.

నువ్వు అడిగిన నాలుగు విషయాలూ ఇందులోనే ఉన్నాయి చూడు. కమ్యూనిటీ ఉంది, ఒకరికి ఉండి ఒకరికి లేకపోవడం ఉంది, ఇబాదత్ (ఆరాధన) ఉంది, బట్టలూ ఉన్నాయి. జిల్బాబ్ ఉన్నందుకు ఎవర్నీ ఆయన తప్పుపట్టలేదు. లేనామెని రావద్దనలేదు. ఉన్నామె మీద ఒక పని పెట్టారు. నీకున్న డబ్బు, ఖాందాన్ పేరు, నీ మాటకి పెద్దవాళ్ళు ఇచ్చే విలువ, వీటన్నిటినీ ఆ జిల్బాబ్ లాగే చూడమంటాను. నీ గిల్ట్ కంటే ఈ చూపు నీకు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే గిల్ట్‌లో ఉన్నప్పుడు మనిషి తన గురించే ఆలోచిస్తుంది, నేను మంచిదాన్నేనా, అల్లాహ్ నన్ను ఎలా చూస్తున్నాడు, నా మనసు ఎంత బాధపడుతోంది, ఇలా. ఆ మాటల్లో నీ ఫ్రెండ్ ఎక్కడా ఉండదు. నువ్వు రాసినదాంట్లో కూడా గమనించు, ఆమె ఏమనుకుంటోందో ఒక్క ముక్క లేదు. నిన్ను తప్పుపట్టడానికి చెప్పట్లేదు తల్లీ, బాధలో అందరం అలాగే రాస్తాం, కానీ మొదట కదలాల్సింది అక్కడే.

అబూ జర్ (రజి) విషయం చెప్తా. ఆయన ఒకసారి కోపంలో ఒక మనిషిని అతని తల్లి పేరు పెట్టి తక్కువ చేసి మాట్లాడారు, ఆ మనిషి బిలాల్ (రజి) అని, నల్ల తల్లి కొడుకా అన్నారని వివరణల్లో చెప్తారు. ప్రవక్త (స) ఆయనతో నీలో ఇంకా జాహిలియ్యత్ (ఇస్లాంకి ముందటి అజ్ఞానం) ఉంది అన్నారు. ఎంత పెద్ద సహాబీ (ప్రవక్త సహచరుడు), ఎంత ముందుగా ఇస్లాంలోకి వచ్చిన మనిషి, ఆయనకే ఈ మాట. బయాన్లలో (మత ప్రసంగాల్లో) అబూ జర్ చెంప నేల మీద పెట్టి బిలాల్‌ని తొక్కమన్న కథే ఎక్కువ చెప్తారు. నాకు మాత్రం బుఖారీలో ఉన్న భాగమే పెద్దదనిపిస్తుంది. చాలా కాలం తర్వాత మఅరూర్ అనే ఆయన రబజా అనే చోట అబూ జర్‌ని కలుస్తాడు, చూస్తే అబూ జర్ వేసుకున్నదీ ఆయన సేవకుడు వేసుకున్నదీ ఒకే రకం బట్ట. ఇదేంటని అడిగితే అప్పుడు ఈ సంగతంతా చెప్తారు. నువ్వు తినేదే అతనికి పెట్టు, నువ్వు వేసుకునేదే అతనికి తొడుగు అని ప్రవక్త (స) ఆ రోజే చెప్పారట. అంటే ఒక్కరోజు ఏడ్చి వదిలేయలేదు, ఆ పశ్చాత్తాపం రోజూ ఒంటి మీద వేసుకునే బట్టయ్యింది, చూసినవాళ్ళు ఆగి అడిగేంతగా. నీ గిల్ట్ ఇలాంటి అలవాటుగా మారితే అది నీకు మేలు, లేకపోతే ఒక నెల బాధపడి మర్చిపోతావు.

ఇప్పుడు ఆ కుర్చీ సంగతి. సూరా అబస (ఖురాన్‌లోని ఒక అధ్యాయం) గుర్తు తెచ్చుకో. మక్కాలోని ఖురైష్ తెగ పెద్దలతో ప్రవక్త (స) మాట్లాడుతుంటే అబ్దుల్లాహ్ ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి) అనే అంధుడు నేర్చుకుందామని వచ్చారు, ప్రవక్త (స) ముఖం చిట్లించారు, వెంటనే ఖురాన్ వాక్యాలైన ఆయత్‌లు దిగాయి. ఆ ముఖం చిట్లించడం ఆ అంధుడికి కనపడనైనా కనపడదు, అయినా అల్లాహ్ దాన్ని వదల్లేదు, ప్రళయం దాకా మనం నమాజులో చదివే ఆయత్ చేశాడు. తర్వాత అదే ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ మదీనాలో ముఅజ్జిన్ (నమాజుకి పిలుపునిచ్చే వ్యక్తి) అయ్యారు, ప్రవక్త (స) ఊరు దాటి వెళ్ళినప్పుడు మదీనా బాధ్యత ఆయనకి అప్పగించిన సందర్భాలున్నాయి. చూశావా, జాలిపడి పక్కన కూర్చోబెట్టుకోవడంతో ఆగలేదు, పదవి ఇచ్చారు, గొంతు ఇచ్చారు. మన కమిటీలు ఇక్కడే తప్పుతున్నాయి. పేదింటి అమ్మాయికి ఈద్‌కి బట్టలు ఇస్తాం, ఫీజు కడతాం, మైక్ మాత్రం ఇవ్వం. ఎవరిని పిలవాలి, ఎవరితో ఖిరాత్ (సభలో ఖురాన్ చదవడం) చేయించాలి అని నిర్ణయం జరిగే గదిలో ఆమె ఉండదు. ఖురైష్ పెద్దలు కూడా ఇదే అడిగారని సూరా కహఫ్ 28వ ఆయత్ వివరణల్లో ఉంటుంది, ఈ పేదవాళ్ళని నీ దగ్గర్నుంచి లేపేయి, అప్పుడు మేమొచ్చి కూర్చుంటాం అని. ప్రపంచపు తళుకు కోసం వాళ్ళ మీంచి నీ చూపు తిప్పుకోకు అని జవాబు వచ్చింది.

ఒక మాట జాగ్రత్తగా వినాలి. కుర్చీలు సర్దడం తక్కువ పని అనుకుని నీ ఫ్రెండ్ మీద జాలిపడకు. మదీనాలో ప్రవక్త మస్జిదు అయిన మస్జిదె నబవీ ఊడ్చే ఒక నల్ల స్త్రీ ఉండేది, హదీసుల్లో ఆమె సంగతి ఉంది. ఆమె చనిపోతే రాత్రిపూట సహాబాలు ఖననం చేసేశారు, ప్రవక్తని (స) లేపడం ఎందుకులే అనుకున్నారు, ఆమె సంగతి అంత పెద్దది కాదనుకున్నారేమో అని కూడా రివాయత్‌లో (హదీసు కథనంలో) ఉంది. ఆమె కనపడట్లేదేంటని ఆయనే అడిగారు. చనిపోయిందంటే నాకెందుకు చెప్పలేదు అన్నారు, సమాధి ఎక్కడో చూపించమని వెళ్ళి అక్కడ జనాజా (అంత్యక్రియల) నమాజు చేశారు. అంటే ఆమె రాకపోతే తెలిసేంతగా ఆయన ఆమెని రోజూ చూస్తున్నారన్నమాట. మీ ప్రోగ్రాంకి నీ ఫ్రెండ్ ఒకరోజు రాకపోతే ఎవరు అడుగుతారు? కుర్చీలు ఎవరు సర్దుతారు అని అడుగుతారా, ఆ అమ్మాయికి ఏమైంది అని అడుగుతారా? నీ కమ్యూనిటీ ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఇది చూడు చాలు. పని చెడ్డది కాదు, ఒకే రకం పిల్లలకి ఎప్పుడూ అదే పని పడటం చెడ్డది. నువ్వు కూడా ఆ కుర్చీలు ఎత్తు. ఫోటోకి ఒకటి ఎత్తి పెట్టడం కాదు, ప్రోగ్రాం అయ్యాక అందరూ వెళ్ళిపోయాక ఉండి ఎత్తు.

బయట వివక్ష, లోపల ప్రివిలేజ్ అన్నావు కదా, రెండూ నిజమే, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని కొట్టేయక్కర్లేదు. ఉద్యోగం ఇంటర్వ్యూలో నీ తల మీద గుడ్డ చూసి మొహం మార్చేవాళ్ళు ఉన్నారు, అది అన్యాయమే, దాని మీద నువ్వు మాట్లాడాలి. బాస్కెట్‌బాల్ ఆడే ముస్లిం అమ్మాయిలు తల కప్పుకుని అంతర్జాతీయ మ్యాచులు ఆడటానికి 2017 దాకా రూలే ఒప్పుకోలేదు, ఫుట్‌బాల్‌లో 2014లో ఒప్పుకున్నారు, ఆడపిల్లలు ఏళ్ళ తరబడి అడిగితేనే అది జరిగింది. కానీ బయట మనకి జరిగే అన్యాయం గురించి అంత బాగా మాట్లాడే మనమే లోపలికొచ్చాక ఈ పిల్ల నలుపు, ఆ పిల్ల ఖాందాన్ తక్కువ అంటాం చూడు, అక్కడ నాకు చాలా బాధేస్తుంది. బయట నీకు ఎలా అనిపిస్తుందో నీకు తెలుసు కదా, ఒక గదిలోకి వెళ్ళగానే నీ మాట వినకముందే నీ విలువ కట్టేయడం. నీ ఫ్రెండ్‌కి అది బయటా జరుగుతుంది, లోపలా జరుగుతుంది. ఆమెకి అలా జరగని చోటు ఒక్కటైనా ఉండాలి, అది మన హల్కా (ఖురాన్ నేర్చుకునే బృందం) అవ్వాలి.

ఇక అందం. దీని గురించి నువ్వు కొంచెం సిగ్గుపడుతూ రాశావు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ముస్లింలో ఉన్న హదీసు నీకూ తెలిసే ఉంటుంది, గుండెలో అణువంత అహంకారం ఉన్నా స్వర్గంలోకి వెళ్ళలేరు అని ప్రవక్త (స) అంటే ఒకాయన కంగారుపడి అడిగాడు, మనిషికి మంచి బట్టలు, మంచి చెప్పులు ఉండాలని అనిపిస్తుంది కదా అని. అల్లాహ్ అందమైనవాడు, అందాన్ని ఇష్టపడతాడు, అహంకారం అంటే సత్యాన్ని తోసిపుచ్చడం, మనుషుల్ని తక్కువగా చూడటం అని చెప్పారు. ఆ అడిగినాయన భయమే నీ భయం కూడా. నీ కాటుకలో, నీ దుపట్టా రంగులో అహంకారం లేదు. నీ ఫ్రెండ్‌ని చూసి మౌనంగా ఉండిపోయిన ఆ పెద్దావిడ చూపులో ఉంది. సూరా ఆరాఫ్‌లో ప్రతి మస్జిదు దగ్గరా మీ అలంకరణ వేసుకోండి అని ఉంది, తన దాసుల కోసం అల్లాహ్ తెచ్చిన అలంకరణని ఎవరు హరామ్ (నిషిద్ధం) చేశారు అని పక్క ఆయత్‌లోనే ఉంది. నీట్‌గా, అందంగా ఉండటం ఇష్టమని ఎవరికీ క్షమాపణ చెప్పక్కర్లేదు.

హద్దులు ఉన్నాయి, అవి సూరా నూర్‌లో ఉన్నాయి, ఎవరి ముందు ఎంత అనేది నీకు చిన్నప్పట్నుంచి చెప్పే ఉంటారు. నేను గుర్తుచేసేది ఒకటే, అక్కడ ముందు 30వ ఆయత్ మగవాళ్ళకి చూపు దించుకోమని చెప్పింది, ఆ తర్వాతే 31లో ఆడవాళ్ళ మాట వచ్చింది, మన బయాన్లలో మాత్రం 31 నుంచే మొదలుపెడతారు. నెయిల్ పాలిష్ అంటావా, నీళ్ళు గోరుకి తగలాలి కాబట్టి వుజూకి (నమాజు కోసం చేసే శుద్ధికి) ముందు తీసేయాలి, అంతకంటే దాని గురించి పేజీలు రాయక్కర్లేదు.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది వేరే ఉంది, రంగు. మీ వయసు పిల్లలు క్లాసుకి వచ్చి ఫోన్‌లో ఫిల్టర్ పెట్టిన తమ ఫోటో చూపించి ఆపా ఇలా అవ్వాలంటే ఏ క్రీం వాడాలి అని అడుగుతుంటే నాకు గుండె తరుక్కుపోతుంది, ఎందుకంటే వాళ్ళలో ఎక్కువమంది నీ ఫ్రెండ్ లాంటి పిల్లలే, నీలాంటివాళ్ళని పొగిడిన ప్రతి మాటా వాళ్ళ చెవిలో పడుతుంది. తెల్లబడే క్రీముల్లో, సబ్బుల్లో కొన్నిటిలో పాదరసం కలుపుతారు, అది కిడ్నీలని పాడుచేస్తుందని, చర్మం మచ్చలు పడుతుందని, నరాల మీద, మనసు మీద కూడా ప్రభావం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పట్నుంచో చెప్తోంది. పాదరసం వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం ప్రకారం 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కంటే ఎక్కువ పాదరసం ఉన్న కాస్మెటిక్స్ 2020 నుంచే ఆపేయాలి, 2023లో ఆ కాస్త మినహాయింపు కూడా తీసేసి 2025కల్లా పూర్తిగా ఆపాలని నిర్ణయించారు, అయినా లేబుల్ లేని డబ్బాల్లో ఇంకా దొరుకుతున్నాయి. ఇబ్న్ మస్ఊద్ (రజి) చెప్పిన హదీసు ఉంది కదా, అందం కోసం పళ్ళ మధ్య సందు చేయించుకోవడం, పచ్చబొట్టు, ఇలా అల్లాహ్ సృష్టిని మార్చడం తప్పని, మనం ఐబ్రోస్ దగ్గర గంటలు గంటలు వాదించుకుంటాం కానీ ఒంటి రంగునే మార్చేయాలనుకోవడం గురించి ఆ హదీసు తీసేవాళ్ళు తక్కువ. సూరా రూమ్ 22వ ఆయత్‌లో మీ భాషలు, మీ రంగులు వేర్వేరుగా ఉండటం తన నిషానీ (సూచన) అని అల్లాహ్ అంటున్నాడు, ఆకాశాల సృష్టి పక్కనే చెప్తున్నాడు. నిషానీని తెల్లబరచడమేంటి!

ఇది నీ ఫ్రెండ్‌కి ఉపన్యాసంగా చెప్పకు. తెల్లగా ఉన్న నువ్వు నలుపు కూడా అందమే అని ఆమెకి చెప్తే ఆమెకి ఇంకా నొప్పి. దానికి బదులు పొగిడినప్పుడు నువ్వు ఏం చేస్తావో మార్చు. ఎవరైనా నీ రంగు ఎత్తితే, అందరి ముందూ, మెత్తగానే, రంగు అల్లాహ్ ఇచ్చింది ఖాలా (పిన్నీ), నేను సంపాదించింది కాదు, మీరు ఈమె సూరా రహ్మాన్ చదువుతుంటే విన్నారా అని అను. సహజంగా అను, ఆమెని ఇబ్బందిపెట్టేలా కాదు. సూరా హుజురాత్ 11లో మగవాళ్ళ మాట చెప్పాక అల్లాహ్ ఆడవాళ్ళని ప్రత్యేకంగా పేరెత్తి చెప్పాడు, ఆడవాళ్ళు తోటి ఆడవాళ్ళని ఎగతాళి చేయొద్దు, వాళ్ళే వీళ్ళకంటే మంచివాళ్ళు కావచ్చు అని. మన మధ్య ఈ జబ్బు ఎక్కువని మనల్ని చేసినవాడికి తెలుసు.

అతా ఇబ్న్ అబీ రబాహ్ అనే తన శిష్యుడితో ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ (రజి) ఒకరోజు స్వర్గవాసి అయిన ఒక స్త్రీని చూపించనా అన్నారు, చూపించండి అంటే, అదిగో ఆ నల్ల స్త్రీ అన్నారు. ఆమెకి మూర్ఛ వచ్చేది. ప్రవక్త (స) దగ్గరకి వెళ్ళి దువా చేయమంది, ఓర్చుకుంటే స్వర్గం, కావాలంటే నయమవ్వడానికి దువా చేస్తాను అన్నారు. ఆమె ఓర్చుకుంటాను అంది, కానీ మూర్ఛలో నా ఒంటి మీద బట్ట తొలగుతోంది, అది తొలగకుండా దువా చేయండి అంది. హిజాబ్ గురించి ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఇంతకంటే లోతైన మాట దొరకలేదు, ఎవరో తిడతారని కాదు, ఎవరో మెచ్చుకుంటారని కాదు, స్పృహ లేనప్పుడు కూడా తన గౌరవం తనకి ఉండాలని ఆమె అడిగింది. ఇంకో సంగతి, ఈ మాట విన్న అతా కూడా నల్లవాడే, కాలు కుంటి, ఒక కన్ను కనపడేది కాదని చరిత్రకారులు రాశారు, ఆయనే తర్వాత మక్కాకి ముఫ్తీ (ఫత్వా ఇచ్చే పండితుడు) అయ్యారు, హజ్‌కి వచ్చినవాళ్ళు మసలా (ధర్మ సందేహం) కోసం ఆయన దగ్గరకే వెళ్ళేవాళ్ళు.

హిజాబ్‌తో ఫ్యాషన్ అంటే హలీమా అదెన్ గురించి చెప్పాలి, మీ తరం పిల్లలకి తెలిసిన పేరే. కెన్యాలో కకుమా శరణార్థి శిబిరంలో పుట్టిన సోమాలీ అమ్మాయి, 2016లో అమెరికాలో మిస్ మిన్నెసోటా పోటీలో హిజాబ్‌తో నిలబడింది, పెద్ద పెద్ద మ్యాగజైన్ల కవర్ల మీదకొచ్చింది. 2020 నవంబర్‌లో ఆ ఫ్యాషన్ రంగం నుంచి తప్పుకుంది. హిజాబ్ పేరుతో ఒక షూటింగ్‌లో తల మీద జీన్స్ ప్యాంట్ చుట్టారని, నమాజులు తప్పిపోయాయని తనే చెప్పింది. ఆమె మొదటి నిర్ణయం తప్పని నేను అనను, ఎంతోమంది నల్ల ముస్లిం అమ్మాయిలు ఆ కవర్ మీద తమని చూసుకున్నారు. కానీ అలంకరణ ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలని ఆమె నుంచి నేర్చుకోవచ్చు. నువ్వు నీకోసం, నీవాళ్ళ కోసం ముస్తాబైతే అది నీ చేతిలో ఉంది. పోస్ట్ పెట్టాక లైకులు తక్కువొస్తే ఆ రోజంతా నీ మూడ్ పాడైతే అప్పుడు అది నీ చేతిలో లేదు. అద్దం ముందు నిలబడ్డప్పుడు ఈ దువా చదువుకో, నా రూపాన్ని బాగా చేసినట్టే నా అఖ్లాక్‌ని (నడవడికని) కూడా బాగా చెయ్యి యా అల్లాహ్ అని. అద్దం చూసేటప్పుడే చదవాలని వచ్చిన రివాయత్ బలహీనమంటారు కానీ దువా మాత్రం సహీ (ప్రామాణికం), ఎప్పుడైనా చదవొచ్చు.

బంగారం గురించి నువ్వు అడగలేదు, నేనే ఎత్తుతున్నా, ఎందుకంటే అందం, డబ్బు, దీన్ (ధర్మం) మూడూ కలిసేది అక్కడే. నీ పేరు మీద నగలుంటే వాటి జకాత్ (ఏటా ఇవ్వాల్సిన తప్పనిసరి దానం) నీ బాధ్యత, నాన్నగారిది కాదు. హనఫీ మజ్హబ్‌లో వేసుకునే నగలకి కూడా జకాత్ ఉంది, మిగతా మూడు మజ్హబ్‌లలో వాడుకునే నగలకి సాధారణంగా లేదంటారు, నీది ఏదో తెలుసుకో. నిసాబ్ (జకాత్ పడే కనీస పరిమాణం) బంగారానికి దాదాపు 85 నుంచి 87 గ్రాములు, ఇవ్వాల్సింది 2.5 శాతం. లెక్క నువ్వే వేయి, నీ చేత్తోనే ఇవ్వు. ఈద్ ఖుత్బా (ప్రసంగం) అయ్యాక ప్రవక్త (స) బిలాల్‌ని (రజి) తీసుకుని ఆడవాళ్ళ వైపు వచ్చి సదఖా (దానం) గురించి చెప్తే వాళ్ళు అక్కడికక్కడే చెవి పోగులు, ఉంగరాలు తీసి బిలాల్ పరిచిన బట్టలో వేశారు. భర్తనీ తండ్రినీ అడిగొస్తామనలేదు. వాళ్ళకీ నగలంటే ఇష్టమే కదా, ఇష్టం లేకపోతే చెవికి ఎందుకుంటాయి.

సంబంధాల మాట కూడా వస్తుంది నీకు త్వరలో. పెళ్ళికి నాలుగు చూస్తారు, ఆస్తి, వంశం, అందం, దీన్, మీరు దీన్ ఉన్నవాళ్ళని ఎంచుకోండి అన్న హదీసు చెప్తూనే తెల్ల పిల్ల కావాలి అనే తల్లులు నా ముందు చాలామంది కూర్చున్నారు. నిన్ను అడగడానికి వచ్చినవాళ్ళు నీ రంగు గురించి తప్ప నీ చదువు, నీ నమాజు, నీ స్వభావం గురించి ఒక్క ప్రశ్న అడగకపోతే అది నీక్కూడా అవమానమే అని గుర్తుపట్టు. ప్రవక్త సహచరుడు జులైబీబ్ (రజి) పొట్టివాడు, చూడటానికి బాగోడని ఎవరూ పిల్లనివ్వని మనిషి, ప్రవక్త (స) ఒక అన్సారీ (మదీనా వాసి) ఇంట్లో ఆయన కోసం అడిగితే తల్లిదండ్రులు వెనకాడారు, ఆ అమ్మాయే ముందుకొచ్చి ప్రవక్త (స) మాటని తిప్పికొడతారా, నన్నివ్వండి అంది. ఇల్లంతా ఒక మాట మీద ఉన్నప్పుడు ఆ అమ్మాయి ఒక్కతి అలా నిలబడింది. రేపు మీ అన్నకో తమ్ముడికో సంబంధం చూస్తూ ఇంట్లో రంగు మాట ఎత్తినప్పుడు నువ్వు నోరు తెరవాల్సింది అక్కడే, స్టేజ్ మీద మాట్లాడటం కంటే అది కష్టం, దాని ఫలితం కూడా ఎక్కువ.

ఇప్పుడు వచ్చే ప్రోగ్రాంకి ఏం చేయాలంటే, ముందు నీ ఫ్రెండ్‌తో మాట్లాడు. సారీ చెప్పడానికి కాదు, నీ గిల్ట్ అంతా ఆమె ముందు పెడితే నిన్ను ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. ఖిరాత్ నువ్వు చేస్తావా, చేయాలనుంటే నేను కమిటీతో మాట్లాడతా అని అడుగు. ఆమె వద్దంటే వద్దు, కొంతమందికి స్టేజ్ ఇష్టం ఉండదు, ఇంకేం కావాలో ఆమే చెప్తుంది, విను. సరే అంటే నీ పేరు పిలిచే పెద్దావిడ దగ్గరకి ముందు రోజే వెళ్ళు, విడిగా, మర్యాదగా. అందరి ముందు ఎదిరిస్తే ఆవిడ పట్టుదలకి పోతుంది, దాని భారం మళ్ళీ నీ ఫ్రెండ్ మీదే పడుతుంది. ఖాలా, ఈసారి నా బదులు ఈ అమ్మాయి చదివితే బాగుంటుంది, తజ్వీద్ (ఖురాన్ ఉచ్చారణ నియమాలు) నాకంటే బాగా వచ్చు, నేను ఆ రోజు కుర్చీల దగ్గర ఉంటాను అని చెప్పు. నీ మాట వింటారు, నీకున్న జిల్బాబ్ అదే. వినకపోతే నీ పేరు పిలిచినప్పుడు నేను చదవను అని కూర్చుండిపో, గొడవ పెట్టుకోకు, ఆ తర్వాత మళ్ళీ వెళ్ళి అడుగు.

ఒకరిని లేపి ఆ చోట కూర్చోవద్దు, సర్దుకుని చోటివ్వండి అని హదీసు ఉంది, సూరా ముజాదలా 11వ ఆయత్‌లో కూడా సభల్లో చోటివ్వమంటే ఇవ్వండి అని ఉంది. ఇబ్న్ ఉమర్ (రజి) తన కోసం ఎవరైనా లేస్తే ఆ చోట కూర్చోవడమే ఇష్టపడేవారు కాదు. నీకోసం ఎవరైనా చిన్నపిల్లని ముందు వరుసలోంచి లేపితే నువ్వు కూర్చోకు, ఆ పిల్లని మళ్ళీ కూర్చోబెట్టి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్ళు. పాత ఫోటోలు తీసేయాలా అని చివర్లో అడిగావు, అక్కర్లేదు. వచ్చే ప్రోగ్రాం ఫోటోలు గ్రూప్‌లో పెట్టేది నువ్వే అన్నావు కదా, సర్దినవాళ్ళు, వండినవాళ్ళు, చదివినవాళ్ళు అందరూ ఉన్న ఫోటో పెట్టు, పెట్టే ముందు నీ ఫ్రెండ్‌ని కూడా ఒకసారి అడిగి పెట్టు, ఆమెకి తన ఫోటో బయటకి వెళ్ళడం ఇష్టం లేకపోవచ్చు.